పిల్లల నోట్లో పులిపిర్లు, హెచ్‌పీవీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల నోట్లో ఉన్నది పులిపిరి అనీ, దానికి కారణం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అనీ డాక్టరు చెప్పిన రోజు ఇంట్లో అందరూ ఫోన్లు పట్టుకుంటారు. వెతికితే ముందు కనబడేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. నిజానికి అక్కడ రాసి ఉన్నదాంట్లో చాలా భాగం ఆరేళ్ల పిల్ల నాలుక మీది పులిపిరికి వర్తించదు. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను దశలవారీగా కింద పెట్టాం. మీకు కావలసినచోటికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## నోట్లో ఏదో కనబడింది

పాప నాలుక మీద చిన్న కాలీఫ్లవర్ ముక్కలాంటిది లేచింది. ఏమై ఉంటుంది?

ఎక్కువగా అది స్క్వామస్ పాపిలోమా అనే మామూలు గడ్డ. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. ఈ గడ్డకు కారణం సాధారణంగా 6, 11 రకాలు. టార్చి వేసి దగ్గరగా చూడండి. పైభాగం నున్నగా ఉండదు, సన్నటి మొనలు విడివిడిగా లేచి ఉంటాయి. పుల్లతో మెల్లగా కదిపితే మొత్తం ఒక చిన్న కాడ మీద ఊగుతుంది. పై పొర మందంగా ఉంటే తెల్లగా, పలచగా ఉంటే గులాబీ రంగులో కనిపిస్తుంది. నొప్పి ఉండదు. చాలావాటి సైజు అర సెంటీమీటరు దాటదు. నాలుక, అంగిలి వెనుక మెత్తటి భాగం, కొండనాలుక, పెదవులు దీనికి ఇష్టమైన చోట్లు. సాధారణంగా ఒక్కటే వస్తుంది. కొన్ని నెలలు పెరిగి అక్కడితో ఆగిపోతుంది.

చేతి వేళ్ల మీద కూడా పులిపిర్లు ఉండి, నోట్లోది పెదవి మీదో నాలుక కొసనో ఉంటే అది చేతి నుంచి ఎక్కిన మామూలు పులిపిరి కావచ్చు. దానికి కారణం 2, 4, 57 రకాలు. గోళ్లు కొరికే పిల్లల్లో, వేలు చీకే పిల్లల్లో ఇదే ఎక్కువ.

ఒకటి కాదు, పెదవి లోపల, బుగ్గ లోపల పది పదిహేను ఉన్నాయి. భయపడాలా?

మెత్తగా, బల్లపరుపుగా, చుట్టూ ఉన్న చర్మం రంగులోనే ఉండి, బుగ్గను సాగదీసి పట్టుకుంటే కనబడకుండా పోయేవైతే అది హెక్ వ్యాధి కావచ్చు. 13, 32 రకాల వల్ల వస్తుంది. 1965లో అమెరికా ఆదివాసీ పిల్లల్లో గుర్తించి వర్ణించారు. జన్యు స్వభావం వల్ల కొన్ని కుటుంబాల్లో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కలిపి వస్తుంది. క్యాన్సర్‌గా మారదు. నెలలు, ఏళ్ల మీద చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అన్నింటినీ కోసి తీయనవసరం లేదు. పళ్ల కింద పడి నలిగేవాటిని, చూడ్డానికి ఇబ్బందిగా ఉన్నవాటిని మాత్రం తీస్తే సరిపోతుంది.

కానీ పిల్లలు తరచూ జబ్బు పడుతూ, బరువు పెరగకుండా ఉండి, నోటినిండా పులిపిర్లు ఉంటే రోగనిరోధక శక్తి పరీక్షలు చేయించాలి. హెచ్‌ఐవీ పరీక్ష కూడా వాటిలో ఒకటి. కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడుతున్న పిల్లల్లో, క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లల్లో కూడా ఇలా గుంపులుగా వస్తాయి.

నాలుక వెనుక వరసగా ఎర్రటి బొడిపెలు ఉన్నాయి. ఇవి పులిపిర్లేనా?

కావు. నాలుక మొదట్లో తలకిందులు చేసిన వి ఆకారంలో ఎనిమిది నుంచి పన్నెండు దాకా గుండ్రటి బొడిపెలు అందరికీ ఉంటాయి. రుచి మొగ్గలు ఉండే చోటు అది. బ్రష్ చేసేటప్పుడు నాలుక బాగా చాపి అద్దంలో చూసుకున్న టీనేజీ పిల్లలు మొదటిసారి చూసి కంగారుపడతారు. రెండు వైపులా ఒకేలా ఉన్నదాన్ని అనుమానించనక్కర్లేదు. ఒకవైపే ఉండి, కొత్తగా వచ్చి, పెరుగుతుంటే చూపించాలి.

పులిపిరి కాకపోతే ఇంకేమై ఉండవచ్చు?

కింది పెదవి లోపల నీలి ఛాయతో నీటి బుడగలా ఉండి, పగిలి మళ్లీ వస్తుంటే అది ఉమ్మి గ్రంథి గొట్టం తెగడం వల్ల వచ్చే మ్యూకోసీల్. బుగ్గ పంటి కింద పడేచోట నున్నగా, గట్టిగా ఉండే కండ ఫైబ్రోమా. పుచ్చుపన్ను పక్కన చిగురు మీద మొటిమలా లేచి చీము కారితే అది పంటి వేరు నుంచి వచ్చిన చిగురు గడ్డ, దానికి పంటి వైద్యమే మందు. తెల్లటి మధ్యభాగం, ఎర్రటి అంచుతో బాగా నొప్పి పుట్టించేది మామూలు నోటి పుండు. ఒక్క గుర్తు పెట్టుకోండి: పులిపిరి నొప్పి పెట్టదు, దాని పైభాగం నున్నగా ఉండదు.

ఇది క్యాన్సర్‌గా మారుతుందా?

పిల్లల నోట్లో కనిపించే పులిపిర్లు మారవు. వాటికి కారణమైన రకాలు వేరు, క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు. క్యాన్సర్‌తో సంబంధం ఉన్నది ముఖ్యంగా 16వ రకం. అది పులిపిరిలా పైకి కనబడదు. టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తే ఏ కొద్దిమందిలోనో నడివయసులో గొంతు క్యాన్సర్‌కు దారితీస్తుంది. వైరస్ సోకినవారిలో అత్యధికుల శరీరం ఏడాది రెండేళ్లలో దాన్ని వదిలించుకుంటుంది.

మన దగ్గర నోటి క్యాన్సర్‌కు పెద్ద కారణాలు పొగాకు, వక్క. హైస్కూలు పిల్లవాడి నోట్లో పులిపిరి చూసి వణికే ఇంట్లోనే అదే పిల్లవాడి జేబులో గుట్కా పొట్లం కనబడితే నవ్వి ఊరుకోవడం మాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

సున్నం, చాకలి సోడా కలిపి పెడితే రాలిపోతుందంటున్నారు. నిజమేనా?

చేతి మీద పులిపిరికే అది మంచి పద్ధతి కాదు, నోట్లో అసలు వద్దు. సున్నం, చాకలి సోడా తడి తగిలితే గాఢమైన క్షారమవుతాయి. నోరు ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి పెట్టినచోట ఆగదు. ఉమ్మితో కలిసి నాలుక కిందికి, గొంతులోకి జారుతుంది. క్షారం కండను లోతుగా కాలుస్తుంది, అన్నవాహికలో పడితే మచ్చకట్టి దారి ఇరుకైపోతుంది. జిల్లేడు పాలు, నల్లజీడి రసం, అగరుబత్తితో చురక, ఏదైనా అంతే. జిల్లేడు పాలు అంటిన వేలు కంటికి తగిలితే కన్ను కూడా దెబ్బతింటుంది. మెడికల్ షాపులో పులిపిర్లకని ఇచ్చే సాలిసిలిక్ ఆమ్లం చుక్కల మందు సీసా మీద నోటికి, కంటికి తగలకూడదని ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

వెంట్రుకతో గట్టిగా కట్టి తెంపడం మరో అలవాటు. పైభాగం ఊడివస్తుంది, వేరు మిగిలిపోతుంది. కొన్ని వారాల్లో మళ్లీ లేస్తుంది. ఊడిన ముక్కను పారేస్తారు కాబట్టి అది ఏమిటో పరీక్ష చేసే అవకాశం కూడా పోతుంది.

కొన్నాళ్లు చూడొచ్చా, వెంటనే పరుగెత్తాలా?

నొప్పి, రక్తం లేకుండా చిన్నగా ఉంటే రెండు మూడు వారాల్లో వీలు చూసుకుని వెళ్లొచ్చు. వెళ్లేలోపు ఒక స్కేలు పక్కన పెట్టి, అదే వెలుతురులో వారానికి ఒక ఫొటో తీయండి. పెరుగుతోందో లేదో డాక్టరుకు మీ మాటకన్నా ఆ ఫొటోలు బాగా చెబుతాయి. వేగంగా పెరుగుతున్నా, తాకితే రక్తం వస్తున్నా, మింగడం కష్టమైనా, గొంతు మారినా ఆగొద్దు.

## ఎలా వచ్చింది

ఇంత చిన్న పిల్లకు ఈ వైరస్ ఎక్కడ అంటుకుంది?

మూడు దారులున్నాయి. కాన్పు సమయంలో తల్లి నుంచి రావడం ఒకటి. ఇంట్లోవాళ్ల చేతుల నుంచో, పిల్లల సొంత చేతి పులిపిర్ల నుంచో నోటికి చేరడం రెండోది. లైంగిక స్పర్శ మూడోది. పిల్లల్లో మొదటి రెండే ఎక్కువ. వైరస్ సోకడానికీ పులిపిరి కనబడటానికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అందుకే ఎవరి నుంచి, ఏ రోజు వచ్చిందో తేల్చడం కుదరదు. ఆ విచారణలో అత్తగారి మీదో, ఆయా మీదో నింద పడటం తప్ప వైద్యానికి ఒరిగేదేమీ లేదు.

ఎంగిలి వల్ల వస్తుందా? ఒకే గ్లాసులో తాగనివ్వొచ్చా?

వైరస్ చర్మం అడుగు పొరలోని కణాలకు చేరితేనే నిలబడుతుంది. అక్కడికి వెళ్లాలంటే గీతో, పగులో, పుండో ఉండాలి. మామూలుగా ఒక కంచంలో తిన్నంత మాత్రాన సోకే అవకాశం తక్కువ. టూత్‌బ్రష్ మాత్రం పంచుకోవద్దు. బ్రష్ చిగుళ్లను గీరుతుంది, ఆ గీతలే వైరస్‌కు తలుపు. ఇద్దరు పిల్లల బ్రష్‌లు ఒకే గ్లాసులో తల ఆనించి పెట్టడం కూడా మానేయండి. పెద్దలు నమిలి పిల్లల నోట్లో పెట్టే అలవాటు పళ్ల పుచ్చు దృష్ట్యా కూడా మంచిది కాదు.

ఈ వైరస్‌కు బయట కొవ్వు పొర ఉండదు. అందువల్ల చేతులకు రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్ దీని మీద అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్లతో రుద్ది కడగడమే మేలు.

స్కూలు మానిపించాలా?

అక్కర్లేదు. ఒక్కరోజు కూడా. టీచరుకు చెప్పాల్సిన పని కూడా లేదు.

ఎవరైనా పిల్లతో తప్పుగా ప్రవర్తించారేమోనని భయంగా ఉంది. ఎలా తెలుస్తుంది?

నోట్లో పులిపిరి ఉన్నంత మాత్రాన అది లైంగిక వేధింపుకు రుజువు కాదు. వైరస్ రకం పరీక్ష చేయించినా తేలదు, ఎందుకంటే 6, 11 రకాలు కాన్పులో తల్లి నుంచి కూడా వస్తాయి. అలాగని ఆ ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టడమూ సరికాదు. జననాంగాల దగ్గర, మలద్వారం దగ్గర కూడా పులిపిర్లు ఉన్నా, పిల్ల ఒక వ్యక్తిని చూస్తే ముడుచుకుపోతున్నా, పక్క తడపడం కొత్తగా మొదలైనా, వయసుకు మించిన మాటలు మాట్లాడుతున్నా పిల్లల వైద్యుడికి ఆ మాట చెప్పండి.

పిల్లను మీరే గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఫలానా మామయ్య ఇలా చేశాడా?" అని పేరు పెట్టి అడిగితే పిల్ల భయంతో అవుననో కాదనో అంటుంది, తర్వాత అసలు నిజం బయటికి రావడం కష్టమవుతుంది. తను చెబితే వినండి, చెప్పిన మాటలను చెప్పినట్టే రాసిపెట్టుకోండి. పిల్లల సహాయ నంబరు 1098కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. 2012 పోక్సో చట్టం ప్రకారం వేధింపు జరిగిందని తెలిసిన ఎవరైనా, డాక్టరైనా సరే, పోలీసులకు తెలియజేయాల్సిందే. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. తల్లిదండ్రుల్లో ఒకరో, పిల్ల నమ్మే మనిషో పక్కన ఉండాలి.

నాకు గర్భంతో ఉన్నప్పుడు కింద పులిపిర్లు ఉన్నాయి. బిడ్డకు నేనే అంటించానా?

కావచ్చు, కాకపోవచ్చు. మీ తప్పు మాత్రం కాదు. డెన్మార్క్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో పులిపిర్లు ఉన్న తల్లులకు జరిగిన ప్రతి 1,000 కాన్పుల్లో సుమారు ఏడుగురు బిడ్డలకు గొంతులో పాపిలోమాలు వచ్చాయి. అంటే 993 మందికి రాలేదు. అందుకే ఈ ఒక్క కారణానికి సిజేరియన్ చేయాలని వైద్య సంఘాలు సిఫార్సు చేయవు. సిజేరియన్‌తో పుట్టిన బిడ్డల్లోనూ ఇది కనబడుతుంది. పులిపిర్లు ప్రసవ మార్గాన్ని అడ్డుకునేంత పెద్దవైనా, చిరిగి రక్తస్రావం అయ్యేలా ఉన్నా అప్పుడు ఆపరేషన్ అవసరం. చనుబాలు నిస్సంకోచంగా ఇవ్వొచ్చు.

## డాక్టరు దగ్గర

ఏ డాక్టరుకు చూపించాలి?

నాలుక, పెదవి, బుగ్గ, చిగురు మీద ఉంటే పిల్లల దంతవైద్యుడు లేదా ఓరల్ సర్జన్. కొండనాలుక, టాన్సిల్స్ దగ్గర ఉన్నా, గొంతు బొంగురుపోయినా ఈఎన్‌టీ. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. గొంతు సమస్యకు హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

ఉమ్మి పరీక్షతో హెచ్‌పీవీ తేల్చుతామని ల్యాబ్ వాళ్లు చెప్పారు. చేయించాలా?

వద్దు. నోటిలో ఈ వైరస్‌ను ముందుగా పట్టుకునే పరీక్షను ఆరోగ్యవంతులైన పిల్లలకు ఎవరూ సిఫార్సు చేయడం లేదు. పాజిటివ్ వచ్చినా ఇవ్వడానికి మందు లేదు. ఆరు నెలల తర్వాత చూస్తే వైరస్ పోయి ఉండొచ్చు. రక్తపరీక్షలో కూడా ఇది తేలదు. డబ్బు పోవడం, దిగులు మిగలడం తప్ప ప్రయోజనం లేదు.

తీసిన ముక్కను బయాప్సీకి పంపుతామన్నారు. క్యాన్సర్ అనుమానమా?

కాదు. నోట్లోంచి తీసిన ఏ కండనైనా పరీక్షకు పంపడం మంచి పద్ధతి. పంపకపోతేనే మీరు అడగాలి. ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో, దాని పరిమాణానికి కనీసం పదింతల ద్రవంలో వేయాలి. చిన్న క్లినిక్కుల్లో తప్పు జరిగేది ఇక్కడే. సీసా అందుబాటులో లేక సెలైన్‌లోనో, పొడి గాజుగుడ్డలోనో చుట్టి పంపుతారు. ల్యాబ్‌కు చేరేసరికి కణాలు చెడిపోయి రిపోర్టు "చెప్పలేం" అని వస్తుంది. సీసా మీద పిల్లల పేరు, వయసు, తీసిన చోటు, తేదీ ఉన్నాయో లేదో మీరూ ఒకసారి చూసుకోండి.

రిపోర్టులో "కోయిలోసైట్లు" అని ఉంటే వైరస్ చేరిన కణాలు కనిపించాయని అర్థం. ఆ మాటకు కంగారుపడొద్దు. చూడాల్సిన మాట "డిస్‌ప్లాసియా", అంటే కణాల తీరు క్యాన్సర్ వైపు మారడం. అది లేదని ఉంటే చాలు.

## తీయించడం, ఆ తర్వాత

తీయించకపోతే ఏమవుతుంది?

కొన్ని వాటంతటవే పోతాయి. కాడ ఉన్న పాపిలోమా మాత్రం ఎక్కువగా అలాగే ఉండిపోతుంది. పంటి కింద పడుతుంటే, మాటకు అడ్డొస్తుంటే, ఏమిటో స్పష్టంగా తేలకపోతే తీయించడమే మేలు. మూడేళ్ల పిల్లవాడికి ఏ ఇబ్బందీ పెట్టని చిన్న పులిపిరి కోసం పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుందంటే, డాక్టరు గమనిస్తూ కొన్నాళ్లు ఆగుదామనడం కూడా సరైన వైద్యమే.

ఎలా తీస్తారు? నొప్పి ఉంటుందా?

ముందు తిమ్మిరి జెల్ రాసి, రెండు నిమిషాలాగి, సన్నటి సూదితో చోటుకు మాత్రమే మత్తు ఇస్తారు. పులిపిరిని కాడతో సహా, చుట్టూ ఒక మిల్లీమీటరు మంచి చర్మం కలిపి కోస్తారు. పైపైన గీరితే మొదట్లో వైరస్ ఉన్న కణాలు మిగులుతాయి. కోసే పని ఐదు నిమిషాలు. పిల్లను కూర్చోబెట్టడానికే అరగంట. కరిగిపోయే కుట్టు ఒకటో రెండో వేస్తారు, వారం రెండు వారాల్లో రాలిపోతుంది.

లేజర్‌తోనూ, కరెంటు సూదితోనూ తీయొచ్చు. రక్తం తక్కువ పోతుంది. అయితే ముక్క అంచులు కాలిపోతే బయాప్సీ చదవడం కష్టం. కాల్చినప్పుడు లేచే పొగలో వైరస్ డీఎన్‌ఏ ఉంటుంది కాబట్టి పొగ లాగే గొట్టం, ఎన్95 మాస్కులు వాడాలి. గదిలో మిమ్మల్ని ఉండనిస్తే మీకూ మాస్కు అడగండి.

పూర్తి మత్తు ఇస్తామన్నారు. ముందు ఏమీ తినిపించకూడదా?

అన్నం, బిస్కెట్, ఆవుపాలు, గేదెపాలు, పాలపొడి పాలు ఆరు గంటల ముందే ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. మీ మత్తు డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే పాటించండి. ఇబ్బంది వచ్చేది ఎక్కువగా అమ్మమ్మ, నానమ్మల దగ్గరే. ఆకలికి ఏడుస్తుంటే చూడలేక చాటుగా రెండు బిస్కెట్లు పెడతారు. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పెట్టేసి ఉంటే దాచకుండా చెప్పండి, ఆపరేషన్ ఇంకో రోజుకు మారుస్తారు, అంతే.

ఇంటికి తెచ్చాక ఏం చూసుకోవాలి?

మొదటి రెండు మూడు గంటలు పెదవికి స్పర్శ ఉండదు. చిన్నపిల్లలు తెలియక కొరికేసుకుంటారు. సాయంత్రానికి పెదవి వాచి, తెల్లటి పుండు పడి, ఆపరేషన్ చెడిందని మీరు హడలిపోతారు. తిమ్మిరి వదిలేదాకా నమిలేదేమీ పెట్టకండి, పక్కనే ఉండి చూడండి. రక్తం ఊరుతుంటే శుభ్రమైన గాజుగుడ్డ మడిచి 20 నిమిషాలు ఆపకుండా నొక్కి పట్టండి. నిమిషానికోసారి తీసి చూస్తే గడ్డకట్టదు.

ఆ రోజు చల్లారిన పెరుగన్నం, చల్లటి పాలు, జావ. కారం, పచ్చడి, చింతపండు పులుసు, కరకరలాడే జంతికలు వారం పాటు వద్దు. స్ట్రా వాడొద్దు. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. పుక్కిలించడం రాని పిల్లలకు తిన్నాక మంచినీళ్లు తాగిస్తే చాలు.

నొప్పికి పారాసెటమాల్, కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. 20 కిలోల పిల్లకు 300 మిల్లీగ్రాములు. ఇక్కడ సిరప్ సీసా తప్పక చదవాలి. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 125 ఉండేదైతే 12 మిల్లీలీటర్లు. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి, మోతాదు తారుమారయ్యేది అందుకే. ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

మళ్లీ వస్తుందా?

ఒంటరి పాపిలోమాను మొదలంటా తీస్తే తిరిగి రావడం అరుదు. చేతి పులిపిర్లు అలాగే ఉండి గోళ్లు కొరకడం ఆగకపోతే కొత్తవి వస్తాయి, కాబట్టి చేతివాటికి కూడా వైద్యం చేయించండి. రోగనిరోధక శక్తి తక్కువున్న పిల్లల్లో పదే పదే వస్తాయి.

## గొంతులో ఉందన్నప్పుడు

బాబుకు మూడేళ్లు. ఆరు నెలలుగా గొంతు బొంగురు. ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు, తగ్గలేదు. దీనికీ హెచ్‌పీవీకీ సంబంధం ఉందా?

ఉండవచ్చు, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 6, 11 రకాలే స్వరతంత్రుల మీద గుత్తులుగా పెరిగితే గొంతు మారుతుంది. వైద్యులు దీన్ని రికరెంట్ రెస్పిరేటరీ పాపిలోమటోసిస్ అంటారు. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య బయటపడుతుంది. తొలిచూలు బిడ్డ, మామూలు కాన్పు, చిన్న వయసు తల్లి, ఈ మూడూ కలిసిన ఇళ్లలో ఎక్కువ. నోట్లోకి టార్చి వేస్తే కనబడదు.

ఆస్తమాకూ దీనికీ తేడా వినికిడిలో దొరుకుతుంది. ఆస్తమాలో ఈల శబ్దం ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తుంది, ఏడుపు గొంతు మామూలుగానే ఉంటుంది. ఇందులో ముందు ఏడుపు గొంతు మారుతుంది, బొంగురుగానో గాలి పోతున్నట్టుగానో. తర్వాత ఊపిరి పీల్చేటప్పుడు గురక లాంటి శబ్దం మొదలవుతుంది. పిల్లవాడు నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపించండి. నాలుగు వారాలు దాటిన బొంగురు గొంతుకు ఈఎన్‌టీ దగ్గర సన్నటి గొట్టం కెమెరాతో స్వరపేటిక చూపించాల్సిందే.

పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతుంటే, పెదవులు నీలమైతే, పాలు తాగలేకపోతుంటే 108కు ఫోన్ చేయండి.

దీనికి పూర్తిగా నయమయ్యే మందు ఉందా?

ఒక్కసారితో తేల్చే మందు లేదు. మత్తు ఇచ్చి మైక్రోడిబ్రైడర్ అనే చెక్కితీసే సన్నటి పరికరంతోనో లేజర్‌తోనో గుత్తులను తీసి గాలిదారి తెరుస్తారు. వైరస్ చుట్టుపక్కల మామూలుగా కనబడే పొరలో కూడా ఉండటంతో మళ్లీ పెరుగుతుంది. కొందరికి ఏడాదికి ఒకటి రెండుసార్లు, కొందరికి నెలకోసారి ఆపరేషన్ అవసరమవుతుంది. ఎక్కువసార్లు అవసరమైనవారికి బెవాసిజుమాబ్ అనే మందును సెలైన్ ద్వారా ఇవ్వడం ఇటీవలి ఏళ్లలో మంచి ఫలితాలిస్తోంది. అనుభవమున్న కేంద్రంలోనే ఇప్పించండి. గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేయడం ప్రాణాపాయంలో తప్ప చేయరు, ఆ గొట్టం వెంట పాపిలోమాలు కిందికి పాకుతాయి. చాలామందిలో వయసు పెరిగేకొద్దీ ఆపరేషన్ల మధ్య వ్యవధి పెరుగుతుంది. సర్జన్ తొందరపడి రెండు స్వరతంత్రుల ముందు మూలను ఒకేసారి గీరితే అవి అతుక్కుని గొంతు శాశ్వతంగా చెడుతుంది. కొంచెం మిగిల్చి వచ్చామని డాక్టరు చెబితే అది చేతకానితనం కాదు.

## టీనేజీ పిల్లలు

ముద్దు పెట్టుకుంటే హెచ్‌పీవీ వస్తుందా? (ఇంట్లో అడగలేను)

నోట్లో నోరు పెట్టి గాఢంగా ముద్దు పెట్టుకుంటే రావచ్చు. నోటితో జరిపే లైంగిక చర్యలో ఇంకా ఎక్కువ. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు, ఎందుకంటే అది కప్పని చోట కూడా వైరస్ ఉంటుంది. వచ్చినా చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే పోతుంది. టీకా వేయించుకోకపోతే ఇప్పుడైనా వేయించుకోవచ్చు.

డాక్టరును ఒంటరిగా కలవాలని అడగడం మీ హక్కు. ఒక్క సంగతి ముందే తెలిసి ఉండాలి. 18 ఏళ్ల లోపు వారితో లైంగిక చర్య జరిగిందని తెలిస్తే, ఇద్దరి ఇష్టంతోనే అయినా, పోక్సో చట్టం కింద డాక్టరు పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది.

మా అబ్బాయికి పదహారేళ్లు, గొంతులో పులిపిరి అన్నారు. వాడి ప్రవర్తన మీద అనుమానించాలా?

ఆ పులిపిరి చిన్నప్పుడు సోకిన వైరస్‌దీ కావచ్చు. దాన్ని ఆధారం చేసుకుని నిలదీస్తే అసలు చెప్పాల్సిన విషయం ఉన్నా ఇక చెప్పడు. ఫోన్ లాక్కోవడం ఈ జబ్బుకు వైద్యం కాదు.

## టీకా

హెచ్‌పీవీ టీకా నోటి ఇన్‌ఫెక్షన్‌ను కూడా ఆపుతుందా?

టీకాలో ఉన్న రకాలను ఆపుతుంది. కోస్టారికాలో టీకా వేసుకున్న యువతుల నోట్లో నాలుగేళ్ల తర్వాత 16, 18 రకాలు, వేసుకోనివారితో పోలిస్తే 93 శాతం తక్కువగా కనిపించాయి. ఆస్ట్రేలియా 2007లో ఆడపిల్లలకు, 2013లో మగపిల్లలకు టీకా మొదలుపెట్టింది. అక్కడ పిల్లల గొంతు పాపిలోమాలు 2012లో లక్షకు 0.16 ఉంటే 2016కు 0.02కు పడిపోయాయి. తల్లులయ్యే వయసుకు ముందే టీకా పడటంతో బిడ్డలకు అందే వైరస్ తగ్గిపోయింది. 2, 4, 13, 32 రకాలు టీకాలో లేవు కాబట్టి చేతి నుంచి వచ్చే పులిపిరిని, హెక్ వ్యాధిని అది ఆపదు.

ఇప్పటికే పులిపిరి ఉంది. టీకాతో రాలిపోతుందా?

పోదు. ఉన్న ఇన్‌ఫెక్షన్‌కు అది మందు కాదు. అయితే ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది కాబట్టి తొమ్మిదేళ్లు దాటితే వేయించండి. పులిపిరి పూర్తిగా తగ్గేదాకా ఆగనక్కర్లేదు.

ఏ టీకా, ఎన్ని డోసులు? మగపిల్లలకు కూడానా?

పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావ్యాక్‌లో 6, 11, 16, 18 రకాలున్నాయి. 2023లో విడుదలైంది. గార్డాసిల్ 9లో తొమ్మిది రకాలున్నాయి. ధర చాలా ఎక్కువ. నోటి, గొంతు పులిపిర్ల దృష్ట్యా కావలసిన 6, 11 రెండింట్లోనూ ఉన్నాయి, ఖరీదైనది దొరకలేదని ఆగొద్దు. మగపిల్లలకు కూడా వేయొచ్చు, వేయాలి. గొంతు క్యాన్సర్ మగవారిలోనే ఎక్కువ.

9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు. 15 దాటాక మొదలుపెడితే మూడు: మొదటి రోజు, రెండో నెల, ఆరో నెల. రోగనిరోధక శక్తి తక్కువున్నవారికి ఏ వయసులోనైనా మూడు. 20 ఏళ్ల లోపు ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. రెండో డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టరు, మిగిలింది వేస్తారు.

ఖమ్మంలో ఈ టీకాతో ఆడపిల్లలు చనిపోయారట కదా?

అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పుట్టిన ఈ ప్రశ్న ఇంకా చావలేదు, చావకపోవడానికి కారణమూ ఉంది. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ఒక నమూనా (డెమాన్‌స్ట్రేషన్) ప్రాజెక్టు కింద టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తర్వాతి నెలల్లో కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణం కాదని తేల్చింది. నీళ్లలో మునగడం, పాముకాటు, పురుగుమందు, జ్వరాలు కారణాలుగా చూపింది. కానీ తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి నిజం. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. తప్పు టీకాది కాదు, వేసిన పద్ధతిది.

అప్పుడే దేశంలో వేరేచోట్ల రెండు డోసులా మూడా అని పోల్చే పరిశోధన కూడా మధ్యలో ఆగింది. దాంతో కొన్ని వేల మంది బాలికలకు ఒక్క డోసే పడింది. పదేళ్లు వెంట ఉండి చూస్తే ఆ ఒక్క డోసు కూడా 16, 18 రకాలను దాదాపు అంతే బాగా ఆపిందని తేలింది. ఒక డోసు చాలన్న సిఫార్సుకు ఆధారాల్లో అదొకటి.

వేయించే రోజు ఏం చూసుకోవాలి?

సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిన టీకా పనికిరాదు. భుజం కండలో అర మిల్లీలీటరు వేస్తారు. ఈ వయసు పిల్లలు సూది తర్వాత కళ్లు తిరిగి పడిపోవడం మామూలే. టీకా వల్ల కాదు, సూది భయం వల్ల. పడిన పిల్లకు తలకు దెబ్బ తగలడమే అసలు ప్రమాదం. అందుకే ఏదైనా తినిపించి తీసుకెళ్లండి, కూర్చోబెట్టి వేయించండి, 15 నిమిషాలు అక్కడే కూర్చోనివ్వండి. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొద్దిగా జ్వరం ఉండొచ్చు. ఈస్ట్ అంటే తీవ్రమైన అలర్జీ ఉంటే ముందే చెప్పండి. ఎక్కువ జ్వరం ఉన్న రోజు వాయిదా వేయండి. కార్డు మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకుని వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి.